అవ్వ పథ్యం

పోయిన నెల మా పక్క ఫ్లాటు పెద్దాయన్ని చూడడానికి వెళ్ళాను. ఆయన మంచం పట్టి చాలా రోజులైంది. ఆసుపత్రిలో ఇంక చేసేదేమీ లేదని ఇంటికి తెచ్చుకున్నారు. ఒక నర్సు అప్పుడప్పుడూ ఇంటికే వచ్చి చూసిపోతుంది. చిన్నపిల్ల, భుజానికి పెద్ద సంచి. మంచం పక్కకు కుర్చీ లాక్కుని, ఆయన చెయ్యి పట్టుకుని, "తాతా, ఈ రోజు ఏం తినాలని ఉంది మీకు?" అని అడిగింది. ఆ మాట వినగానే కోడలి వైపు చూశాను. ఆమె నింపాదిగా కాఫీ కలుపుతోంది. పెద్దాయన కాసేపు ఆలోచించి "గారె" అన్నాడు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోలేదు. గారెను చారులో నానబెట్టి పెట్టమని చెప్పి, కాళ్ళ వాపు చూసి, ఆ పిల్ల తన దారిన వెళ్ళిపోయింది.

నేను మాత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. నా చిన్నప్పుడు మంచంలో ఉన్న మనిషిని ఆ మాట అడిగి ఉంటే ఇల్లంతా శోకాలు మొదలయ్యేవి. అడగకుండా ఉండడానికి మా ఇంట్లో ఎంత నాటకం ఆడారో తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

మాది తిరుపతిలో భోజనాల మెస్సు. స్టేషను వైపు నుంచి గుడి వైపు పోయే ఒక సందులో ఉండేది. ముందర పొడుగాటి హాలు, రాతి పలకలు పరిచిన బల్లలు. దాని వెనక వంటిల్లు. వంటింటి వెనక చిన్న పెరడు, నీళ్ళ తొట్టి, ఆ తర్వాత మేము కాపురముండే రెండు గదులు. ధనియాలు వేయించే వాసన, ఇంగువ పొంగే వాసన, తడి అరటాకుల వాసన, కొండ దిగి నేరుగా మా దగ్గరికొచ్చే యాత్రికుల గుండ్ల మీది చందనం వాసన, అన్నీ కలిసి మా ఇంటి గాలి. నా గౌన్లూ పుస్తకాలూ కూడా సాంబారు వాసన కొట్టేవి. నా పక్కన కూర్చుంటే మధ్యాహ్నం కాకముందే ఆకలేస్తోందని ఒక పిల్ల బళ్ళో టీచరుకు ఫిర్యాదు చేసింది. టీచరు ఆ పిల్లను మార్చకుండా నన్నే కిటికీ దగ్గరికి మార్చింది.

మెస్సు పెట్టింది అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ. అప్పట్లో వంట తాతది. ఆయన పోయాక, అవ్వకు మోకాళ్ళు పట్టేయడంతో, వంట నాయన చేతికి వచ్చింది, అమ్మ సాయం చేసేది. కానీ ఒక్క పని మాత్రం అవ్వ ఎవరికీ ఇవ్వలేదు. అది తొలి ఆకు. వంటలన్నీ దిగాక, వీధి తలుపు తియ్యక ముందు, వంటింటి గడప పక్కన పీట వేసి అవ్వకు ఆకు వెయ్యాలి. బయట బల్లల మీద ఏ వరసలో వడ్డిస్తారో అదే వరసలో వడ్డించాలి. ఆమె మాటా పలుకూ లేకుండా తినేది. నాయన గరిటె పట్టుకుని, పరీక్షలో తప్పుతానేమోనన్న పిల్లాడి మాదిరి నిలబడేవాడు. మజ్జిగ కూడా అయ్యాక అవ్వ "తలుపు తియ్యండి" అంటే తియ్యాలి. "చారు మళ్ళా పొయ్యి మింద పెట్టండి" అంటే, వీధిలో ఎంతమంది నిలబడి తలుపు తడుతున్నా సరే, పెట్టాల్సిందే.

"వాళ్ళు ఎట్లున్నా తింటారు గదవ్వా, మనకెందుకింత?" అని ఒకసారి అడిగాను.

"దానికే పాపా," అన్నది అవ్వ. "కొండ దిగొచ్చినోళ్ళు శానా ఆకలి మింద వస్తారు. ఏం పెట్టినా బాగుండాదనే అంటారు. మనిషి ఆకలిగా ఉండాడని మనం ఎట్లబడితే అట్ల పెట్టగూడదు."

ఆ ఏడు ఎండాకాలం సెలవులకు ముందు నుంచే అవ్వ ఆకులో సగం మిగిలిపోతూ వచ్చింది. కడుపునొప్పి అనేది. వాము నమిలింది, జీలకర్ర కషాయం తాగింది, దిష్టి కూడా తీయించుకుంది. చివరికి నాయన ఆమెను చిత్తూరుకు తీసుకుపోయాడు. నాయన వాళ్ళ అక్క, మా పెద్దత్త, కాపురం అక్కడే. ఆమెకు తెలిసిన పెద్ద డాక్టరు అవ్వ కడుపు కోసి, లోపల చూసి, ఏమీ చెయ్యకుండా మళ్ళీ కుట్టేశాడు. కుట్లు మానాక నాయన అవ్వను బస్సులో ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ రోజు అవ్వను పడుకోబెట్టి, నాయన వంటింట్లోకి వచ్చి అమ్మతో మెల్లగా అన్నాడు. "ఇంటికి పిల్చుకోని పోయి, ఏమడిగితే అది పెట్టమన్నాడు." అమ్మ చేతిలో అప్పళాల పళ్ళెం ఉంది. ఆ పళ్ళెంతోనే అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తలుపు చాటు నుంచి వింటున్న నాకు ఆ డాక్టరు మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. ఏమడిగితే అది పెట్టమనే డాక్టరు దొరకడం మాటలా? నాకు జ్వరమొస్తే మా వీధి డాక్టరు బ్రెడ్డు తప్ప ఏమీ ఇవ్వనిచ్చేవాడు కాదు. అమ్మ దగ్గరికి పోయి, "మా, ఈసారి నాకు జ్వరమొస్తే నన్ను గూడా ఆ డాక్టరు దగ్గరికే పిల్చకపోండి" అన్నాను. అమ్మ నా నోటి మీద ఫట్టున కొట్టింది. వెంటనే నన్ను దగ్గరికి లాక్కుని తల మీద ముద్దులు పెట్టుకుంది. ఒకే నిమిషంలో దెబ్బా ముద్దూ ఎందుకు దొరికాయో నాకర్థం కాలేదు. నెమ్మదిగా తెలిసింది. మా వైపు డాక్టరు ఆ మాట అన్నాడంటే ఇంక మందు లేదని అర్థం. పలానా ఇంట్లో ముసలాయనకు ఏమడిగితే అది పెట్టమన్నారంట అని చెప్పుకుంటే చాలు, విన్నవాళ్ళు గొంతు తగ్గించి, పోయి ఒకసారి చూసి వచ్చేవాళ్ళు.

మర్నాడు పెద్దత్త పెట్టే బేడాతో దిగింది. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు, ఎవరింటికి పోయినా ఆ ఇంటి బాధ్యత తనదే అనుకునే రకం. రాగానే అమ్మనూ నాయననూ పెరట్లో తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. నేను తొట్టిలో కాళ్ళు పెట్టుకుని ఆడుకుంటున్నా ఎవరూ పట్టించుకోలేదు.

"అమ్మకు ఏమడిగితే అది పెట్టినామంటే ఆ పొద్దే కనిపెట్టేస్తాది," అన్నది పెద్దత్త. "పథ్యం పెడదాం. గట్టిగా పెడదాం. పథ్యం ఎవురికి పెడతారు? బాగయ్యేటోళ్ళకే గదా. నాకు నయమవుతా ఉండాది, దానికే నోరు కట్టేస్తా ఉండారు అనుకుంటాది."

నాయన తల ఊపాడు. అమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఆడబిడ్డ ముందు మా అమ్మ నోరు అంత తొందరగా లేచేది కాదు.

అట్లా అవ్వకు పథ్యం మొదలైంది. జావ, బీరకాయ ఉడికించిన నీళ్ళు, ఉప్పు లేని పప్పుకట్టు. చింతపండు లేదు, మిరపకాయ లేదు, తిరగమోత లేదు. వాసనలకు నోరూరుతుందని వంటింటి వైపు తలుపు కూడా మూసేశారు. ఆ ఎండలో ఆ గది పొయ్యిలా ఉండేది. అంత మందికి అన్నం పెట్టే ఇంట్లో, ఆ అన్నం పెట్టడం నేర్పిన మనిషి, గోడ వైపు తిరిగి చప్పటి జావ తాగేది. పెద్దత్త పక్కనే నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో మా. గడ్డ కరిగిపోతాదంట," అనేది. అవ్వ "సరే మే" అని తాగేది.

పథ్యం సంగతి ఎట్లున్నా పెద్దత్త చేసిన సేవకు వంక పెట్టడానికి లేదు. అవ్వ వీపు ఒరుసుకుపోకుండా, మెస్సుకు వచ్చే కట్టల్లోంచి లేత ఆకులు ఏరి, తుడిచి, దుప్పటి మీద పరిచేది. పక్కకు తిప్పేది, వేపాకు నీళ్ళతో ఒళ్ళు తుడిచేది. ఆకుల మీద పడుకోబెట్టిన మొదటి రోజు అవ్వ నా వైపు చూసి, "సూడు పాపా, నన్నే ఆకులో వడ్డిచ్చేసినారు," అన్నది. నేను పకపకా నవ్వాను. పెద్దత్త నవ్వలేదు.

వీధి చివర, ఆసుపత్రి ఉద్యోగం మానుకున్న నర్సమ్మ ఒకామె ఉండేది. వీధి డాక్టరు రాసిన నొప్పిసూది ఆమె వచ్చి వేసేది. ఆమె సూదుల డబ్బా మా వంటింటి పొయ్యి మీదే ఉడికేది, ఒక పొయ్యి మీద కందిపప్పు, ఇంకో పొయ్యి మీద సూది. సూది వేసిన కాసేపటికి అవ్వ ముఖంలో ముడతలు సర్దుకునేవి. అప్పుడు నన్ను పిలిచి మెస్సు కబుర్లు అడిగేది. ఎవరొచ్చారు, ఏ ఊరోళ్ళు, ఆకులో ఏం మిగిల్చారు. ఆకులో ఏం మిగిలిందనేదే ఆమెకు ముఖ్యం.

అవ్వ మంచం పట్టాక తొలి ఆకు ఏమైందో చెప్పలేదు కదూ. వండిన చేతికి తన వంటలో తప్పు దొరకదని అవ్వ సిద్ధాంతం. కాబట్టి నాయన కూర్చోకూడదు. అమ్మ అందరికంటే ముందు తినడమనేది మా ఇంట్లో ఎవరూ ఊహించను కూడా లేదు. పెద్దత్తకు అవ్వ దగ్గరే సరిపోయేది. చివరికి పీట మీద నన్ను కూర్చోబెట్టారు. నా సంబరం చెప్పలేను. అప్పళాలు రెండు, పాయసం ఇంకొంచెం, ఎంత కావాలంటే అంత. కూర్చున్నంతసేపు వీధిలో నా స్నేహితురాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుతున్న చప్పుడు వినపడేది. నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, అవ్వ గొంతు పెట్టి "తలుపు తియ్యండి" అని, మూతి తుడుచుకుని వీధిలోకి పారిపోయేదాన్ని. పాపం, నాయన నమ్మేవాడు.

ఒకరోజు అవ్వకు పొద్దున్నుంచీ నొప్పి ఎక్కువగా ఉంది. ఆమె మూలుగు వింటూ నాయన సాంబారులో ఉప్పు వేశాడు. వేశాడో లేదో తెలియక అమ్మ కూడా వేసింది. నేను ఆ రోజు సాంబారు ముట్టనే లేదు. అప్పళం, పాయసం, తలుపు తియ్యండి.

హాలు నిండా జనం. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం కూర్చుంది. పిల్లలతో సహా అందరికీ గుండ్లు. వాళ్ళలో ముసలాయన రెండు ముద్దలు తిని, చెయ్యి ఆకులోనే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తిట్టలేదు, అరవలేదు. "దేవుడి కొండ దిగొచ్చి అన్నం పారేయాల్సి వచ్చె గదప్పా," అని ఆకు మడిచి లేచాడు. ఆయన వెనకే అందరూ లేచారు. ఆ కలకలం మూసిన తలుపు దాటి వెనక గదిలోకి పోయింది.

అవ్వ పిలిచింది. నాయన, అమ్మ, పెద్దత్త, వాళ్ళ వెనక నేను, వరసగా మంచం ముందు నిలబడ్డాము. పెద్దత్త చేతిలో అప్పుడే తెచ్చిన జావ గ్లాసు.

"ఏమాయె?" అని అడిగింది అవ్వ.

"ఏం లేదు మా, సాంబార్లో రవంత ఉప్పు..." నాయన నసిగాడు.

"తొలి ఆకు ఎవురు తిన్యారు?"

అందరూ నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. అవ్వకు నవ్వొచ్చింది, కానీ నవ్వితే కుట్లు లాగేవి, అందుకని పెదవులు బిగబట్టింది.

"రేపట్నుంచి ఆకు నాకెయ్యండి," అన్నది.

"పథ్యం చెడిపోతే ఎట్ల మా?" పెద్దత్త ముందుకొచ్చింది. "ఇన్నాళ్ళు ఓర్చుకున్యావు. ఇంకొంచెం దినాలు..."

"మే, గమ్మునుండు." అవ్వ గొంతులో కోపం లేదు. "మీ తమ్ముణ్ణి నేను కని పెంచినా. వాడు అంగడి తిండి నన్ను ఎన్నడన్నా ముట్టుకోనిచ్చినాడా? ఎవురు కాల్చినారో, ఏం నూనో అని నన్నే తిడతాడు గదా. ఆ పొద్దు మేం చిత్తూర్నుంచి వస్తా ఉంటే బస్సు పూతలపట్టులో ఆగె. డాక్టరు వాకిట్లోకి పిలిచి ఏం చెప్పినాడో వీడు నాకు చెప్పలా. సూద్దామని, రేయ్ మిరపకాయ బజ్జీ తెచ్చియ్యిరా అన్న్యా. కోసి కుట్టిన కడుపుతో బజ్జీ అడిగితే, వీడు ఒక్క మాట అనకుండా బస్సు దిగి పరిగెత్తినాడు."

నాయన తల వంచుకున్నాడు.

"పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడే తెలిసిపాయె నాకు. ఏమడిగితే అది పెట్టమన్నాడు గదరా డాక్టరు?"

వీధిలో సోడాబండి గంట వినపడుతోంది. నాయన మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని, "అవును మా," అన్నాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను చూడడం అదే మొదలు. అవ్వ అతని జుట్టులో వేళ్ళు పెట్టి, చిన్నపిల్లలకు పేలు చూసినట్టు మెల్లగా పాయలు తీసింది.

"తెలిసుండి ఇన్నాళ్ళు ఈ గంజి యాల తాగినావత్తా?" అని అడిగింది అమ్మ. ఆ మాట అడగడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో.

"మీరు దాన్ని పట్టుకోని ఉంటిరి గదమ్మా. నేనొద్దంటే మీ వొదిన చేతికి పనేముంటాది? మూల కూచోని ఏడుస్తా ఉంటాది. అది ఏడిస్తే నేను సూడలేను."

నేను పెద్దత్త వైపు చూశాను. ఆమె ఏడుస్తుందనే అనుకున్నాను. ఆమె చేతిలోని జావ గ్లాసు వైపు కాసేపు చూసి, ఎత్తి గటగటా తానే తాగేసింది. ముఖం వికారంగా పెట్టింది.

"ఇంత చప్పగా ఉండాదా?" అన్నది.

"ఒక్క పొద్దన్నా నోట్లో పోసుకోని సూసినావా నువ్వు?" అన్నది అవ్వ. ఇక అవ్వకు నవ్వు ఆగలేదు. కుట్లు పట్టుకుని, "అమ్మా, అమ్మా" అంటూ నవ్వింది. పెద్దత్త నవ్వుతూ ఏడ్చింది. మేమందరమూ అంతే. వంటింటి వైపు తలుపు అమ్మే పోయి తెరిచింది. గదిలోకి చల్లగాలేమీ రాలేదు, పోపు వాసన వచ్చింది. అవ్వ గట్టిగా పీల్చుకుంది.

మర్నాటి నుంచి నర్సమ్మ రాక తొలి ఆకును బట్టి మారింది. వంటలు దిగబోతున్నాయనగా నేను పరిగెత్తి పిలుచుకొచ్చేదాన్ని. ఆమె సూది వేసేది. నొప్పి సద్దుమణిగాక నాయన అవ్వను పడక కుర్చీతో సహా గడప పక్కకు మోసుకొచ్చేవాడు. ఎదురుగా స్టూలు మీద ఆకు. అన్నీ వడ్డించేవాళ్ళు. ఒక్కోదాంట్లో వేలి కొస ముంచి నాలుక మీద పెట్టుకునేది, అంతే. మొదటి రోజు, పప్పూ కూరగాయలూ కలిపి వండే కూటు దగ్గర ఆగి, "కొబ్బరి పాతది," అన్నది. నాయన దెబ్బ తిన్నవాడిలా ముఖం పెట్టాడు గానీ, ఆ రోజు అతని కళ్ళలో ఉన్నంత సంతోషం నేను మళ్ళీ నా పెళ్ళిలోనే చూశాను.

ఇక ఏమడిగితే అది పెట్టే రోజులు నిజంగా వచ్చాయి. పెద్దత్త పట్టుబట్టి అన్నీ తానే చేసేది. అవ్వ సంగటి అడిగింది, చెనక్కాయల ఊరుబిండి పచ్చడితో. ఉసిరికాయంత ముద్ద తిన్నదేమో, మిగతాది నాకు పెట్టి నేను తింటుంటే చూసింది. చింతచిగురు పప్పు అడిగింది, నాకేసింది. తిండి కంటే ఎక్కువ వేరేవి అడిగేది. తలంటు పోయమన్నది. సీకాయ వాసనతో ఆమె జుట్టు ఎండలో ఆరుతుంటే, పెద్దత్త పక్కన కూర్చుని తన కాపురం సంగతులు చెప్పుకునేది. తల్లికి అన్నాళ్ళూ చెప్పని సంగతులు. నన్ను చూస్తే మాట మార్చేవాళ్ళు. చూడడానికని చుట్టాలు దిగులు ముఖాలతో వచ్చేవాళ్ళు. అవ్వ వాళ్ళను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టించేది. "తినేసి రాండి. ఆకలి మింద ఉండే మొగాలు నేను సూడలేను," అనేది. తిన్నాక ఎవరూ ఏడవలేకపోయేవాళ్ళు, భుక్తాయాసంతో కబుర్లు చెప్పి పోయేవాళ్ళు.

అన్నీ మంచి రోజులే అంటే అబద్ధం. కొన్నాళ్ళు సూది సరిగా పట్టేది కాదు. అవ్వ పైట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేది, దేవుణ్ణి కూడా వదలకుండా తిట్టేది. అప్పుడు ఆకు లేదు, ఏమీ లేదు. పెద్దత్త ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నర్సమ్మ ఇంకో సూదికి డాక్టరు దగ్గర రాయించుకొచ్చేది. కానీ ఇల్లంతా ఆమె నొప్పిని ఆమె ముందే నొప్పి అనేది. గడ్డ కరుగుతోందని ఎవరూ చెప్పలేదు. ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, "నేను పోతే భయపడతావా పాపా?" అని అడిగింది. "యాడికి పోతావో చెప్పిపో, భయపడను," అన్నాను. "తెలిసినాక చెప్తాలే," అన్నది.

సెలవులు అయిపోయే రోజుల్లో అవ్వ గడప దగ్గర కూర్చుని చారు నాకి చూసి, "ఉప్పు లేదు," అన్నది. నాయన గిన్నె లోపలికి తీసుకుపోయాడు. రుచి చూశాడు. ఉప్పు సరిగ్గా ఉంది. ఏమీ కలపకుండా అదే గిన్నె తిరిగి తెచ్చి, "ఇప్పుడు సూడు మా," అన్నాడు. అవ్వ నాకి, "ఊ, తలుపు తియ్యండి," అన్నది. మర్నాడూ అంతే. పప్పులో ఉప్పు లేదు, కూటులో ఉప్పు లేదు. నాయన గిన్నెలు లోపలికి మోసుకుపోవడం, అట్లే తిరిగి తేవడం. మూడోసారి గిన్నెతో వస్తుంటే అమ్మ వంటింటి మధ్యలో అడ్డం నిలబడింది.

"మళ్ళా పథ్యం మొదలు పెడతా ఉండావా?" అని అడిగింది మెల్లగా.

నాయన గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత పోయి అవ్వ కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమా, ఉప్పు సరిగ్గానే ఉండాది," అన్నాడు. "నిన్న గూడా సరిగ్గానే ఉండె. నేనే నీకు చెప్పలా."

అవ్వ ఆకు వైపు చూసింది. ఒక వేలితో చారు, ఇంకో వేలితో ఊరగాయ నాలుక మీద పెట్టుకుంది. ఊరగాయ కూడా ఆమె ముఖంలో ఏ మార్పూ తేలేదు. నేను అవ్వ ఏడుస్తుందనుకున్నాను. నాయన అట్లాగే అనుకుని ఉంటాడు, ఆమె మోకాళ్ళు పట్టుకున్నాడు.

"అట్లయితే ఉప్పు పోలేదు నాయనా, నా నాలికే పొయ్యింది," అన్నది అవ్వ. "మంచిపని చేసినావు చెప్పి. చెప్పకుండా ఉంటే నా మాట విని రేపు ఇంకో గుప్పెడు ఏసిండువు. ఎవురి అన్నమో పాడయ్యేది."

తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"మే, నువ్వు కూచో."

అమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనా అత్తా? అందరూ తినకముందే?" అన్నది.

"వండిన చేతికి తప్పు దొరకదని చెప్పినా గదా. రేపట్నుంచి సాయం వాడికి ఈమె చేస్తాది," పెద్దత్త వైపు గడ్డం చూపింది. "నువ్వు తిను. ఆ కాలంలో నేను గూడా అందరికంటే వెనకే తింటా ఉంటి. మీ మామే నన్ను ఈ పీట మింద కూచోబెట్టె."

పీట వేశారు. అమ్మ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. నాయన తన పెళ్ళానికి మొదటిసారి వడ్డించాడు. అమ్మ తలెత్తకుండా అన్నీ తిన్నది, మెతుకు మిగల్చకుండా. అవ్వ కుర్చీలో ముందుకు వంగి, ముద్ద ముద్దకూ అమ్మ దవడలు కదలడం చూసింది. మజ్జిగ అయ్యాక అమ్మ చెయ్యి ముడుచుకుని, "చారు బాగుండాది," అన్నది. ఆగి, నాయన వైపు చూడకుండా, "కూటు రవంత మాడింది," అన్నది. అవ్వ కళ్ళు మెరిశాయి. కూటు మళ్ళీ చేశారు. వీధిలో జనం తలుపు తడుతూనే ఉన్నారు, తట్టనిచ్చారు.

"నన్ను పడుకోబెట్టండి," అన్నది అవ్వ. "కడుపు నిండిపాయె."

ఆ తర్వాత ఆమెను గడప దగ్గరికి తేలేదు. తెమ్మని అడగనూ లేదు. ఎక్కువ నిద్రలో ఉండేది. ఒక మధ్యాహ్నం పెద్దత్త తడిబట్టతో పెదవులు తడుపుతుండగా, పెరట్లో అమ్మ గిన్నెలు సర్దుతుండగా, మెలకువలోంచి నిద్రలోకి పోయినట్టే పోయింది. మా అందరికీ ఏడుపొచ్చింది గానీ, ఆమెకు చెప్పాల్సింది చెప్పలేదే అన్న బాధ మాత్రం ఎవరికీ లేదు. పెద్దత్త చిత్తూరు పోయేటప్పుడు బస్సు దగ్గర అమ్మను కావలించుకున్నది. ఆ ఇద్దరూ అట్లా కావలించుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

మెస్సు ఇప్పుడు లేదు. ఆ సందే లేదు, అక్కడ పెద్ద లాడ్జీ లేచింది. పెద్దత్త, అమ్మ పోయారు. ఆఖరి రోజుల్లో నాయన నా దగ్గరే ఉన్నాడు. ఆయనకు కూడా అవ్వ జబ్బులాంటిదే వచ్చింది. డాక్టరు నాకు మాత్రం చెప్పి, పెద్దాయనకు తెలియనివ్వకండి, కుంగిపోతారు అన్నాడు. నేనూ సరేనని వచ్చాను. ఆ సాయంత్రం మాత్ర ఇస్తుంటే నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"పాపా, ఇది తగ్గేది గాదు గదా?" అన్నాడు.

తగ్గుతుందని చెప్పే మాటలు నా నోట్లో సిద్ధంగానే ఉన్నాయి. బయటికి రాలేదు. "కాదు నాయనా," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, నా ముఖం చూసి, "అయితే దిండు కొంచెం పైకి పెట్టు," అన్నాడు. "ఇట్లా వచ్చి కూచో. నీకు చెప్పాల్సింది శానా ఉండాది."